ఎల్డోరాలో మట్టి పదును

సుంగై సిపుట్‌లో పుట్టిపెరిగినవాళ్లకు ఎర్రమట్టి రోడ్డు గురించి వేరే చెప్పక్కర్లేదు. మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో, ఈపోకి ఉత్తరాన ఉంటుంది మా ఊరు. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు 1948 జూన్ 16 దగ్గర వస్తుంది. ఆ రోజు ఇక్కడి తోటల్లో ముగ్గురు దొరలను కాల్చిచంపారు. కమ్యూనిస్టు తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ పాలకులు మలయాలో పెట్టిన, పన్నెండేళ్లు సాగిన ఎమర్జెన్సీ అక్కడి నుంచే మొదలైంది. మాకు మాత్రం ఆ తోటలంటే ముందు గుర్తొచ్చేవి వాటి దారులు. సాయంత్రం వానకు మెత్తబడి, మర్నాడు పొద్దెక్కేసరికి బిగిసి, మధ్యాహ్నానికి దుమ్మై లేచే దారులు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఈ తోటపనికే వచ్చాడు. మా నాన్న రబ్బరుపాలు మోసే లారీ నడిపాడు. వాన వెలిశాక ఏ మలుపులో చక్రం కరుచుకుంటుందో, ఏ మలుపులో జారుతుందో లారీ దిగకుండానే చెప్పేవాడు. మట్టి రంగు చూసి చెప్పేవాడు.

అందుకే అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉన్న మా మేనల్లుడు “మావయ్యా, ఈ వారాంతం మట్టిలో కార్ల పందెం చూసొద్దాం, వస్తావా?” అన్నప్పుడు నాకు కార్లకంటే ముందు ఆ మట్టి చూడాలనిపించింది. ఈ వ్యాసం ఆ మట్టిని తయారుచేసే పనితనం గురించి. కార్ల సంగతీ వస్తుంది, ఎందుకంటే ఆ కార్లకు ఆ రూపం ఇచ్చింది ఆ మట్టే.

కొలంబస్ నుంచి ఐ-70 మీద పడమరకు, డేటన్ వైపు వెళ్లి, అక్కణ్నుంచి గ్రీన్‌విల్ మీదుగా 118 నంబరు రోడ్డెక్కాలి. దారంతా మొక్కజొన్న, సోయా చేలు. రాస్‌బర్గ్ అనే ఊరొస్తుంది. రెండు మూడు వందలమంది ఉంటారేమో. దాన్ని దాటగానే చేల మధ్య నుంచి ఒక పెద్ద గ్యాలరీ పైకి లేస్తుంది. అదే ఎల్డోరా స్పీడ్‌వే. సెప్టెంబరు మొదట్లో ఇక్కడ జరిగే ‘వరల్డ్ 100’ మట్టి ట్రాక్ లేట్ మోడల్ కార్లకు అన్నిటికన్నా పేరున్న పందెం. 1971లో మొదలైంది, మొదటి విజేత బ్రూస్ గౌల్డ్. గెలిచినవాడికి భూగోళం బొమ్మ చేతికిస్తారు. ఆ గోళం కోసం డ్రైవర్లు ఏడాదంతా కలలు కంటారు.

ఈ ట్రాక్ కట్టినాయన ఇంజినీరు కాదు. ఎర్ల్ బాల్టిస్ ఒక బ్యాండు నడిపే సంగీతకారుడు. ఎల్డోరా అనే డాన్సు హాలు కొన్నాడు. ఆ హాలుకూ వాబాష్ నదికీ మధ్య ఉన్న పల్లపు నేలను తవ్వి 1954లో పావు మైలు ట్రాక్ చేశాడు. అది పెరిగి పెరిగి అర మైలు అయింది. మలుపుల్లో నేల 24 డిగ్రీల వాలు. ఈ అంకె కాగితం మీద చదివితే ఏమీ అనిపించదు. మలుపు పైఅంచున నిలబడి కిందికి చూస్తే కాళ్లు తడబడతాయి. ఆ వాలు మీద మట్టి నిలవాలి, నీళ్లు పోస్తే కిందికి జారిపోకూడదు, వందల హార్స్‌పవర్ల చక్రాలు గీరుతుంటే ఊడిరాకూడదు. భార్య బెర్నీస్‌తో కలిసి బాల్టిస్ యాభై ఏళ్లు దీన్ని నడిపి, 2004లో నాస్కార్ (అమెరికాలో పెద్ద స్టాక్ కార్ పందేల సంస్థ) ఛాంపియన్ టోనీ స్టీవార్ట్‌కు అమ్మాడు. స్టీవార్ట్ దగ్గర డబ్బుంది, పేరుంది. తారు వేయించగలిగేవాడే. వేయించలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

మేం మధ్యాహ్నమే చేరాం. జనం ఇంకా గుడారాల దగ్గరే ఉన్నారు. ట్రాక్ మీద మాత్రం పని సాగుతోంది.

ముందు ఒక మాట తెలియాలి. పందెం నాటికి కనిపించే నునుపైన ఉపరితలం చాలా కొద్ది లోతే. దాని ఆరోగ్యమంతా అడుగున ఉంటుంది. పందేనికి కొన్ని రోజుల ముందే ట్రాక్‌ను డిస్కులతో దున్నుతారు. గడ్డలు పగిలి, మట్టి గుల్లబారాక నీళ్లు పెడతారు. పైపైన చల్లడం కాదు, అడుగుదాకా ఇంకేలా తడుపుతారు. ఒకేసారి ఎక్కువ పోస్తే వాలు మీద నుంచి కిందికి కారిపోయి లోపలి అంచున బురద కడుతుంది, పైఅంచు ఎండే ఉంటుంది. కాబట్టి కొంచెం పోసి, ఆగి, ఇంకాక మళ్లీ పోస్తారు. ఆ తరువాత ఇనుప గూటాలు పొడుచుకొచ్చిన బరువైన రోలరు తిప్పుతారు. దాన్ని షీప్స్‌ఫుట్ అంటారు. ఆ గూటాలు అడుగు పొరను ముందు గట్టిపరుస్తాయి, పొర మీద పొర పైకి వస్తాయి. నున్నటి రోలరు అయితే పైన పెచ్చు కట్టి కింద గుల్ల మిగులుతుంది. ఆ పెచ్చు పందెంలో పలకలు పలకలుగా లేచిపోతుంది. చివరికి గ్రేడర్ వచ్చి బ్లేడుతో చదును చేస్తుంది. తేమ నిలబడడానికి కొన్ని ట్రాకుల్లో మట్టిలో క్యాల్షియం క్లోరైడ్ కూడా కలుపుతారు, అది గాలిలోని తడిని లాగి పట్టుకుంటుంది.

ఈ పనిలో యంత్రాలు ఎవరైనా నడపొచ్చు. ఎంత తడి అన్నది తేల్చడమే విద్య. మన రైతులు అదను, పదును అని రెండు మాటలూ కలిపే అంటారు. అక్కడ పనిచేసేవాళ్లకు ఆ మాటలు తెలియవు గానీ ఆ లెక్క తెలుసు. వంగి, కాస్త మట్టి తీసి, పిడికిట్లో నొక్కి చూస్తారు. ముద్ద అయి వేలిముద్ర పడాలి, చేతికి అంటుకోకూడదు. తరువాత ఆకాశం చూస్తారు, గాలి ఎటు వీస్తోందో చూస్తారు. గాలి నేరుగా తగిలే మలుపు ముందు ఆరిపోతుంది. గ్యాలరీ నీడ పడే వైపు ఆలస్యంగా ఆరుతుంది. కాబట్టి ట్రాక్ అంతటికీ ఒకే కొలత నీళ్లు పోస్తే తప్పు. ట్యాంకర్ డ్రైవరు ఒకచోట మెల్లగా, ఒకచోట వేగంగా పోనిస్తాడు, ఒక పట్టీని పూర్తిగా వదిలేస్తాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఊరికే తిరుగుతున్నట్టుంటుంది. నేను మాత్రం కదల్లేకపోయాను. రాత్రి పదిన్నరకు ఈ మట్టి ఎలా ఉండాలో, మధ్యాహ్నం రెండున్నరకు నిర్ణయిస్తున్నారు వాళ్లు.

నీళ్లు పెట్టాక చివరి మెరుగు కార్ల చేతే చేయిస్తారు. పందెం కార్లనే వరసగా, మెల్లగా ట్రాక్ మీద తిప్పి, వాటి చక్రాలతో పైమట్టిని అదిమిస్తారు. ఎవరూ ఎవరినీ దాటరు. కోట్ల రూపాయల సరంజామా అంతా రోలరు పనిలోకి దిగుతుంది. పది నిమిషాలయ్యేసరికి తడిబురద రంగు పోయి, నేల ముదురు గోధుమ రంగులో నిగనిగలాడుతుంది. దీన్ని ట్యాకీ అంటారు. టైరు పట్టు ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ. టైం ట్రయల్స్ ఇక్కడ మొదలవుతాయి. ఒక్కో కారు పదిహేను, పదహారు సెకన్లలో అర మైలు చుట్టేస్తుంది.

ఆ తరువాత చూడవలసింది మట్టి మారే తీరు. హీట్ రేసులు, అంటే చిన్న చిన్న వడపోత పందేలు, ఒకటొకటిగా నడుస్తుంటే చక్రాలు పైమట్టిని గీరి బయటివైపు విసురుతుంటాయి. లోపలి దారి ఆరి, గట్టిపడి, మెరుస్తూ జారుడు పడుతుంది. దాన్ని స్లిక్ అంటారు. విసిరిన మట్టి పైన, గోడకు కాస్త ఇవతల, గట్టులా పోగవుతుంది. దాన్ని కుషన్ అంటారు. కుడివైపు వెనక చక్రాన్ని ఆ గట్టుకు ఆనించగలిగిన డ్రైవరుకు పట్టు దొరుకుతుంది, వేగం దొరుకుతుంది. ఒక అడుగు పైకి పోతే గట్టు దాటి గోడకు తగులుతాడు. ఒక అడుగు కిందికి వస్తే జారుతాడు. రాత్రి గడిచేకొద్దీ గట్టు పైకి జరుగుతూ గోడకు చేరువవుతుంది. ఎల్డోరా గోడ మీద గీతలు పడని రాత్రి ఉండదు. ఇంతలో పొద్దుగుంకి గాలి చల్లబడగానే అడుగున దాచిన తడి మెల్లగా పైకెక్కుతుంది. మధ్యాహ్నం లోతుగా నీళ్లు పెట్టినందుకు ఫలితం అప్పుడు కనిపిస్తుంది. ఎండిపోయిందనుకున్న నేల మధ్యలో ఒక ముదురు పట్టీ తేలుతుంది, అంతవరకూ లేని మూడో దారి పుడుతుంది. దాన్ని ముందు చూసినవాడు నాలుగైదు కార్లను దాటేస్తాడు.

చెడ్డ ట్రాక్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. తడి తప్పితే రెండు రకాలుగా పాడవుతుంది. ఒకటి, దుమ్ము రేగి ఎవరికీ ఏమీ కనపడదు. రెండోది ఇంకా బాధాకరం. టైర్ల రబ్బరు ఒకే దారిలో నేలకు అతుక్కుని, ఆ నల్లటి చార తప్ప మిగతా చోట పట్టు ఉండదు. అప్పుడు అందరూ ఒకరి వెనక ఒకరు ఆ చార మీదే తిరుగుతారు, దాటడం ఉండదు. వందల మైళ్లు నడిపి వచ్చినవాళ్లకు ఊరేగింపు చూపించినట్టవుతుంది. ట్రాక్ తయారుచేసేవాళ్లు ఇంత కష్టపడేది దారులు రెండు మూడు బతికి ఉండాలని.

ఇప్పుడు కార్లు. లేట్ మోడల్ అంటే పేరుకే కారు. ఇనుప గొట్టాల పంజరం, దానికి పల్చటి అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించి ఉంటాయి. బరువు 1,050 కిలోల చుట్టుపక్కల. మా మలేషియా రోడ్ల మీద తిరిగే ప్రోటాన్ సాగా కూడా ఇంచుమించు అంతే తూగుతుంది, దాని శక్తి వంద హార్స్‌పవర్ లోపే. లేట్ మోడల్‌లో వీ8 ఇంజను 800 హార్స్‌పవర్‌కు పైగా ఇస్తుంది. ముందు అద్దం ఉండదు. అద్దం ఉంటే ఒక్క చుట్టులో బురదతో మూసుకుపోతుంది. అద్దం స్థానంలో రాళ్లు తగలకుండా ఇనుప జాలీ ఉంటుంది, డ్రైవరు హెల్మెట్ మీద పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మట్టి పట్టగానే ఒక పొర పీకి పారేస్తాడు. ఎప్పుడు పీకాలో కూడా లెక్కే, మలుపులో రెండు చేతులూ స్టీరింగ్‌కే కావాలి.

నాకు మరీ నచ్చింది వెనక ఇరుసు. మామూలు కారులో డిఫరెన్షియల్ ఉండి, మలుపులో రెండు వెనక చక్రాలూ వేరువేరు వేగాలతో తిరుగుతాయి. ఇందులో రెండూ కలిపి బిగించేసి ఉంటాయి, జారుడు నేల మీద రెండూ కలిసి తోయాలి కాబట్టి. మరి ఎడమకు తిరగడం ఎలా? కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికంటే కొన్ని అంగుళాలు ఎక్కువ పెడతారు. అడుగు సన్నగా, మూతి వెడల్పుగా ఉన్న గ్లాసును నేల మీద దొర్లిస్తే తిన్నగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది చూడండి, ఆ సూత్రమే. కారు దానంతటది ఎడమకు ఒరగాలని చూస్తుంటుంది. ఇరుసును ఛాసిస్‌కు కలిపే కడ్డీలు ఒక్కోవైపు ఒక్కో కోణంలో ఉంటాయి. యాక్సిలరేటర్ తొక్కగానే అవి ఎడమ వెనక చక్రాన్ని నేలకు నొక్కుతూ, ఆ వైపు బాడీని పైకి లేపుతూ, చక్రాన్ని కాస్త ముందుకు జరుపుతాయి. దాంతో ఇరుసే వంకరగా నిలిచి కారు వెనకభాగాన్ని బయటికి నెడుతుంది. మలుపులో ఎడమ ముందు చక్రం గాల్లో వేలాడుతుంది, స్టీరింగ్ కుడికి తిప్పి ఉంటుంది, కారు మాత్రం ఎడమకు తిరుగుతుంటుంది. అడ్డంగా పోతున్న ఆ కారు కుడివైపు రేకు గాలికి ఎదురు నిలిచి, అది కూడా కొంత పట్టునిస్తుంది. చూసేవాళ్లకు అదుపు తప్పినట్టుంటుంది. నిజానికి ఆ కారు కుదురుగా ఉండేది ఆ భంగిమలోనే.

జట్లు ఈ కార్లను సిద్ధం చేసుకునే పిట్స్‌లోకి టికెట్టు కొనుక్కుని ఎవరైనా పోవచ్చు. పోయి తీరాలి. టైరు పని అక్కడ దగ్గరగా కనిపిస్తుంది. వేడి కత్తితో టైరు మీద గాళ్లు కోస్తారు, వాటి మధ్య సన్నని చీలికలు పెడతారు. గాడి తడిమట్టిని బయటికి తోస్తుంది, చీలిక రబ్బరును కదిలించి వేడెక్కిస్తుంది. ఎన్ని కోయాలి, ఎంత లోతు కోయాలి అన్నది రాత్రి మట్టి ఎలా మారుతుందో ఊహించి చేసే పని. ఎక్కువ కోస్తే ఎనభయ్యో చుట్టుకు టైరు అరిగిపోతుంది. తక్కువ కోస్తే మొదటి ఇరవై చుట్లలోనే వెనకబడతాడు. ఒకతను టైరు కోస్తూ మధ్యమధ్య లేచి వెళ్లి, కంచె దగ్గర నిలబడి ట్రాక్ చూసి, వచ్చి మళ్లీ కోయడం చూశాను. పెద్దవయసువాడు. మాట్లాడించాలనిపించింది, ఆ పనిలో ఉన్నవాణ్ని కదిలించడం సబబు కాదని ఊరుకున్నాను.

మట్టిని చదవడంలో డ్రైవర్లలో ఇద్దరి పేర్లు తప్పకుండా చెప్పాలి. బిల్లీ మోయర్ వరల్డ్ 100ను ఆరుసార్లు గెలిచాడు. స్కాట్ బ్లూమ్‌క్విస్ట్ దాన్ని నాలుగుసార్లు గెలిచాడు. 1994లో లక్ష డాలర్ల బహుమతితో ఇక్కడే మొదలైన ‘డ్రీమ్’ పందేన్ని ఎనిమిదిసార్లు గెలిచాడు. సున్నా నంబరు నల్ల కారు ఆయనది, ఛాసిస్‌లు తానే తయారుచేసేవాడు. కారు కట్టే చేయీ, స్టీరింగ్ పట్టే చేయీ ఒకటే కావడం ఈ ఆటలో కొత్తేమీ కాదు, కానీ ఆయనంత దూరం తీసుకెళ్లినవాళ్లు తక్కువ. 2024 ఆగస్టులో విమాన ప్రమాదంలో పోయాడు.

డ్రైవరుకు సాయం చేసేవాళ్లలో ఒకర్ని టీవీలో సరిగా చూపించరు. ట్రాక్ లోపలివైపు జట్టుకొకడు రెండు వెలుగు కర్రలు పట్టుకుని నిలబడతాడు. వెనక వచ్చేవాడు దూరంగా ఉంటే కర్రలు ఎడంగా, దగ్గరైతే చేరువగా పెడతాడు. ఏ వైపు నుంచి వస్తున్నాడో చేయి చాపి చూపిస్తాడు. మలుపులో అడ్డంగా జారుతున్న మనిషి ఆ కర్రల్ని ఒక్క రెప్పపాటు చూసి, తన దారి మార్చాలా వద్దా తేల్చుకుంటాడు. గెలిచినవాళ్లు మైకు ముందు ఈ కర్రల మనిషికి కృతజ్ఞతలు చెప్పడం తరచూ వినిపిస్తుంది. న్యాయమే.

అసలు స్టాక్ కార్ పందేలన్నీ మట్టిలోనే పుట్టాయి. 1949 జూన్ 19న నాస్కార్ వాళ్ల మొట్టమొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ (కంపెనీ తయారుచేసినట్టే ఉంచిన కార్ల) పందెం షార్లెట్‌లో ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీదే జరిగింది. ముందుగా గీత దాటింది గ్లెన్ డనవే ఫోర్డ్ కారు. తనిఖీలో దాని వెనక స్ప్రింగులను మార్చారని తేలింది. దొంగసారా రవాణాచేసే కార్లకు అప్పట్లో అలాంటి మార్పు చేసేవారు, బరువెత్తినా కారు కుంగకుండా. ఆయన్ని అనర్హుణ్ని చేసి జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. తరువాత తారు వచ్చింది, పెద్ద గ్యాలరీలు వచ్చాయి. 1970 సెప్టెంబరు 30న రాలీ నగరంలో రిచర్డ్ పెట్టీ గెలిచిన పందెంతో నాస్కార్ పెద్ద సిరీస్‌లు మట్టిని వదిలేశాయి. మళ్లీ మట్టి మీద అడుగుపెట్టింది 2013 జులైలో, ఎల్డోరాకే వచ్చి. ఆ రాత్రి పికప్ ట్రక్కుల పందేన్ని ఆస్టిన్ డిల్లన్ గెలిచాడు.

ఆపైన 2021లో టెన్నెసీలోని బ్రిస్టల్ కాంక్రీటు ట్రాక్ మీద రెండు వేలకు పైగా లారీల మట్టి పోసి పందెం పెట్టారు. వాన పడింది. ట్రక్కుల హీట్ రేసులో తడిమట్టి లేచి అద్దాలన్నీ మూసుకుపోతే ఆపెయ్యాల్సి వచ్చింది. మర్నాటికి వాయిదా పడిన అసలు పందేన్ని జోయ్ లొగానో గెలిచాడు. ఎండకు ఆరాక మాత్రం దుమ్ము. మూడేళ్లు చేసి, 2024లో కాంక్రీటుకే తిరిగిపోయారు. అక్కడ పనిచేసినవాళ్లు తక్కువవాళ్లేం కాదు, శ్రద్ధగానే చేశారు. కానీ మట్టిని తెచ్చి పోసినంత తేలిగ్గా దశాబ్దాలుగా పొర మీద పొర తడుపుతూ అణిచిన అడుగును తెచ్చి పోయలేరు. ఎల్డోరా ఎందుకు ఎల్డోరానో బ్రిస్టల్ చూస్తే అర్థమవుతుంది.

మలేషియాలో ఇలాంటి అండాకారపు మట్టి ట్రాక్ సంప్రదాయం లేదు. మాకున్నది ర్యాలీ. జొహోర్‌లో మలేషియా ర్యాలీ రబ్బరు, పామాయిల్ తోటల దారుల మీదే సాగేది. ఆ దారుల వంటి వాటి మీద చేయి తిరిగిన కరమ్‌జిత్ సింగ్ 2002లో ప్రోటాన్ కారుతో, పక్కసీట్లో ఆలెన్ ఓతో, ప్రొడక్షన్ కార్ల ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. ఆ పట్టం గెలిచిన మొదటి ఆసియావాసి ఆయనే. ర్యాలీలో మట్టిని ఎవరూ తయారుచేసి ఇవ్వరు, ఉన్నదాన్ని ఉన్నట్టు చదువుకుంటూ పోవాలి. ఎల్డోరాలో ఒకరు తయారుచేస్తారు, ఇరవై నాలుగు మందో అంతకు మించో దాన్ని చీలుస్తారు, తయారుచేసినవాళ్లు మర్నాడు మళ్లీ దున్నుతారు. రెండిటిలో ఏది గొప్పని అడిగితే చెప్పను. ఏది చూడ్డానికి ఇంకా లోతుగా ఉంటుందని అడిగితే మాత్రం ఎల్డోరా అంటాను, ఎందుకంటే అక్కడ గ్యాలరీలో కూర్చున్నవాడు కూడా నేల మారడం ఆసాంతం చూడగలడు.

అసలు పందెం వంద చుట్లు. మొదటి ఇరవై చుట్లు పైదారి మీద వేగం. మధ్యలో టైర్లు దాచుకునే ఓపిక. ముందున్నవాడు ఎప్పుడూ కష్టంలోనే ఉంటాడు. తన ముందు మట్టి ఎలా ఉందో అతనికి ఎవరూ చూపించరు, వెనకవాళ్లు అతన్ని చూసి నేర్చుకుంటారు. రెండో స్థానంలో ఉన్నవాడు ఒక చుట్టులో కింది దారి పట్టి చూస్తాడు, నచ్చకపోతే మళ్లీ పైకి వస్తాడు, ఇంకో పది చుట్లయ్యాక మళ్లీ చూస్తాడు. అప్పుడు పట్టు దొరికితే మలుపులోకి లోపలి నుంచి దూసుకొచ్చి, అవతలివాడి ముక్కు ముందు అడ్డంగా జారుతూ పైకెక్కి నిలుస్తాడు. దీన్ని స్లైడ్ జాబ్ అంటారు. అవతలివాడు ఒక్క క్షణం యాక్సిలరేటర్ వదలాలి, లేదా ఢీకొట్టాలి. వదిలి, కారును కిందికి తిప్పుకుని, మలుపు చివర్లో మళ్లీ ముందుకొస్తే గ్యాలరీ మొత్తం లేచి నిలబడుతుంది. మా మేనల్లుడు నా చెవిలో ఏదో అరిచాడు. ఇంజన్ల హోరులో వినపడలేదు. చేయి చూపించాడు. మూడో మలుపు మధ్యలో ముదురు పట్టీ, అప్పుడే తేలింది.

ఆ దిక్కున ఉన్న తెలుగువాళ్లకు, కొలంబస్, డేటన్, సిన్సినాటీ వాళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నాను: వెళ్లండి. పందెం రాత్రి కదా అని సాయంత్రం బయల్దేరకండి, నీటి ట్యాంకర్లు తిరిగే వేళకే చేరండి. నేను మూడో మలుపు వైపు కూర్చున్నాను, మంచి చోటు, కానీ గాలి అటు వీస్తే మట్టి మీదికొస్తుంది. కళ్లకు అద్దాలు, చెవులకు దూది కాదు, అసలైన ఇయర్ ప్లగ్గులు పెట్టుకోండి. పిల్లలుంటే హెడ్‌ఫోన్ లాంటివి పెట్టండి. తెల్లచొక్కా వద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, పందెం ముందు పిట్స్ టికెట్టు తీసుకుని టైర్లు కోసే చోటికి పోయి ఒక గంట నిలబడండి.